మడతలు లేని శంఖం

నంద్యాల,
29 జనవరి 1979

కమలా,

మీ ఆయనకు వరసగా ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. తమ్ముడు కదా అని ఊరుకుంటున్నాను గానీ, నా క్లాసులో పిల్లవాడై ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని. అందుకే ఇది నీకు రాస్తున్నాను.

పెద్దదిబ్బ తవ్వకాల నుంచి మీ ఆయన బస్సు కండక్టరు చేత పంపిన పెట్టె అందింది. కాలేజీలో నా బల్ల నిండా ఇప్పుడు శంఖు ముక్కలే. పిల్లలకు కప్పను కోసి చూపించడానికి చోటు లేదని అటెండరు సణుగుతున్నాడు. సణగనీ, నాకిది ఇష్టమైన పని. రెండువేల ఏళ్ల కింద ఆ దిబ్బ ఒక నగరమనీ, అందులో శంఖు గాజులు చేసేవాళ్ల వీధి ఒకటి ఉండేదనీ తమ్ముడు చక్రపాణి అంటే మొదట నేను నమ్మలేదు. సముద్రం ఎక్కడ, ఆళ్లగడ్డ ఎక్కడ? ఇప్పుడు నమ్ముతున్నాను. అంత దూరం నుంచి బండ్ల మీద శంఖాలు తెచ్చి, రంపంతో చక్రాలుగా కోసి, అరగదీసి ఆడవాళ్ల చేతులకు వేశారు. గాజు రాని నడిమి కాడలను పారేశారు. వాళ్లు పారేసిన ఆ కాడల్ని చూసి ఏ శంఖమో, ఏ సముద్రానిదో చెప్పడమే నా పని.

ఈసారి పెట్టెలో విడిగా ఒక పొట్లం ఉంది. పైన మీ ఆయన రాత: "అక్కా, దక్షిణావర్త శంఖం దొరికింది. రాజుగారి పూజలోది అయ్యుంటుంది. వెంటనే చూసి రాయి. హైదరాబాదు నుంచి మా పెద్దాయన వస్తున్నాడు." మామూలు శంఖాలు తిరిగే వైపుకు ఎదురు తిరిగేదే దక్షిణావర్తం. లక్షల్లో ఒకటి ఉంటుందంటారు. పాత నగరంలో అది దొరికిందంటే పత్రికలవాళ్లు వస్తారు, వాడికి ప్రమోషనూ వస్తుంది. ఎదురు తిరిగిన మాట నిజమే, కళ్లారా చూశాను. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. మిగతా ముక్కల మెలికల్లో మట్టి గట్టిపడి సూదితో గీకినా రాదు. ఈ పొట్లంలోని ముక్కల్లో మట్టి ఊదితే పోయింది.

నువ్వు రోజూ మధ్యాహ్నం దిబ్బ దగ్గరికి క్యారియరు తీసుకెళ్తావు కదా. ఆ ముక్కలు ఎవరికి దొరికాయి, ఎప్పుడు, పొట్లం ఎవరు కట్టారు? కనుక్కుని రాయి. నేను అడిగానని మీ ఆయనకు చెప్పకు.

ఆశీస్సులు.
వేదవల్లి


ఆళ్లగడ్డ,
5 ఫిబ్రవరి 1979

పూజ్యులైన వదినగారికి కమల నమస్కారాలు.

మీరు చెప్పినట్టే ఆయనకు చెప్పలేదు. ఈ ఇంట్లో నేను చెప్పని మాటల్లో ఇదొకటి చేరింది.

ఆ ముక్కలు సోమవారం పొద్దున మట్టి జల్లెడ పట్టే రాములమ్మకు దొరికాయట. ఆమె కృపావరాన్ని పిలిచింది. కృపావరం మీకు తెలుసు కదా, దిబ్బ పక్క పల్లె మనిషి, తవ్వకం మొదలైనప్పటినుంచి మేస్త్రీగా ఉన్నాడు. అతన్ని పర్మనెంటు చేయించాలని మావారు పైకి రాశారు, వేసవి లోపల కాగితం వస్తుందని అందరూ అనుకుంటున్నారు. అతను ఆ ముక్కల్ని రుమాలులో పెట్టుకుని పరుగెత్తుకొచ్చి, "సారూ, ఇట్లాంటిది ఈ దిబ్బలో నేను యాడా చూడలే" అన్నాడట. ఆ రోజు మావారు సంతోషంతో అన్నం కూడా సరిగా తినలేదు. క్యారియరు నిండుగా ఇంటికి తిరిగొచ్చింది.

పొట్లం కట్టింది కూడా కృపావరమే. ఇంకెవరి చేయీ పడలేదు. ముందురోజు ఆదివారం. కూలోళ్లు దాదాపు అందరూ చర్చికి పోతారు కాబట్టి ఆదివారం పని పెట్టరు. ఆ రోజు దిబ్బ మీద మనిషనేవాడు లేడు. కాపలా దావీదు కూడా చర్చికే పోయాడు. జల్లెడలు పందిరి కింద బోర్లించి ఉన్నాయి, మేకలు రెండు వాటి చుట్టూ తిరుగుతున్నాయి, అంతే.

వదినా, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. మట్టి తక్కువుంటే ఏమవుతుంది? రాజుగారిది అయితే పెట్టెలో పెట్టి దాచి ఉంటారు. పెట్టెలోకి మట్టి ఎట్లా పోతుంది? మావారి మొహంలో ఇంత వెలుగు నేను పెళ్లప్పుడు కూడా చూడలేదు. అన్నీ చూడాలా? ఒక్కటి చూడకుండా వదిలేస్తే ఎవరికి నష్టం?

అత్తయ్యగారు అహోబిలం నుంచి ఊరగాయ పంపారు. మీ వాటా విడిగా తీసిపెట్టాను.

ఇట్లు,
కమలవల్లి


నంద్యాల,
16 ఫిబ్రవరి 1979

కమలా,

పెట్టెలో దాచి ఉంటారన్న నీ వాదన బాగుంది. లాయరుకు పనికొస్తావు. నాకు పనికిరాదు.

విను. మన సముద్రంలో దొరికే శంఖం నడిమి కాడ మీద మూడో నాలుగో మడతలు ఉంటాయి, మరమేకు మీద ఉన్నట్టు. అది కుడికి తిరగనీ, ఎడమకు తిరగనీ, మడతలు ఉండి తీరాలి. మీ దిబ్బలో దొరికిన ప్రతి కాడ మీదా ఉన్నాయి. ఈ పొట్లంలోని కాడ మాత్రం నున్నగా ఉంది. పెంకు కూడా పల్చన. ఇది మన శంఖం కాదు కమలా, వేరే జీవి. ఏ సముద్రానిదో చెప్పమని మద్రాసులో మా పాత మాస్టారికి ఒక ముక్క పంపాను.

ఇంకొకటి. నోటి లోపల ఏదో పల్చగా ఎండి అంటుకుని ఉంది. తడిచేసి వాసన చూశాను. గంధం. రెండువేల ఏళ్ల గంధం వాసన రాదు. ఈ శంఖానికి నిన్నో మొన్నో ఎవరో ఇంట్లో పూజ చేశారు. అంటే దీన్ని ఎవరో తెచ్చి దిబ్బలో పెట్టారు.

ఎవరు? నిజం చెప్పనా, నాకు మా తమ్ముడి మీదే అనుమానం. చిన్నప్పుడు మామిడికాయలు దొంగిలించి నా సంచీలో పెట్టి, అమ్మను పిలుచుకొచ్చి చూపించినవాడు. ప్రమోషను మీద కన్ను పడింది. ఈ రెండు నెలల్లో వాడు మద్రాసుగానీ తిరుపతిగానీ వెళ్లాడా? వస్తూ ఏమైనా తెచ్చాడా? నువ్వు భార్యవి, నీకు చెప్పడం కష్టమే. కానీ ఈ శంఖం రాజుగారిదని నేను సంతకం పెడితే రేపు ఎవరో పట్టుకుంటారు, అప్పుడు వాడి ఉద్యోగమూ పోతుంది, నా మాటా పోతుంది.

ఒక సాయం చెయ్యి. మీ గృహప్రవేశానికి మీ నాయన వరదరాజులు గారు దక్షిణావర్త శంఖం తెచ్చి ఇచ్చారు కదా. పోల్చి చూడటానికి అలాంటిది నాకు ఇక్కడ ఇంకొకటి లేదు. వారం రోజులకు పంపు. కండక్టరు చేతికి మాత్రం ఇవ్వకు.

వేదవల్లి


ఆళ్లగడ్డ,
22 ఫిబ్రవరి 1979

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నాకంటే ముందు ఆయన చేతిలో పడింది. పోస్టుమాన్ దిబ్బ దగ్గరే ఇచ్చాడట. ఇంటికొచ్చి, "మా అక్కే నన్ను దొంగ అంటాంది, చూడు" అని కాగితం నా ఒళ్లో విసిరేశారు. ఆయన ఎక్కడికీ పోలేదు వదినా. మద్రాసు లేదు, తిరుపతి లేదు. ఆయన మీద మీరు అనుమానపడొద్దు. ఆయన అట్లాంటి మనిషి కాదని నేను ఏ దేవుడి ముందైనా చెప్తాను.

కోపం దిగినాక ఆయన చాలాసేపు ఆలోచించారు. మడతల మాట మీరు చెప్పారంటే తిరుగులేదని ఒప్పుకున్నారు. తర్వాత ఉన్నట్టుండి, "కృపావరమే పెట్టింటాడు" అన్నారు. పర్మనెంటు కాగితం రావాల్సిన సమయం, పెద్ద వస్తువు దొరికితే మేస్త్రీకి పేరొస్తుంది, వాడే యాడనో కొనుక్కొచ్చి జల్లెడలో పడేసి, వాడే రుమాలులో కట్టుకొచ్చినాడు అన్నారు. రాములమ్మ కూడా వాళ్ల చర్చి మనిషే కదా, ఇద్దరూ కలిసి చేశారని అన్నారు. "ఏమంటావు?" అని నన్ను అడిగారు.

నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు. పాలు పొంగుతుంటే లోపలికి పోయాను.

శంఖం పంపడం కుదరదు వదినా. పూజలో పెట్టిన శంఖం ఇల్లు దాటకూడదని నాయన గట్టిగా చెప్పాడు. మీకు తెలియంది కాదు. మీరు శాస్త్రం చదివినవాళ్లు, పటం చూసి అయినా పోల్చగలరు.

ఊరగాయ జాడీ ఎవరైనా నంద్యాల వచ్చేవాళ్లుంటే పంపుతాను.

కమలవల్లి


నంద్యాల,
1 మార్చి 1979

కమలా,

కృపావరమా? మీ ఆయనకు బుర్ర ఉందా? గంధం సంగతి రాశాను కదా. కృపావరం ఇంట్లో శంఖానికి గంధం పూసేదెవరు? వాళ్లమ్మ మణెమ్మ ఆ చర్చిలో అందరికంటే గట్టిగా పాటలు పాడే మనిషి. ఆ మాటే చక్రపాణికి రాస్తే జవాబు వచ్చింది, ఈసారి వెంటనే: "ఎవరింట్లోనో దొంగిలించి ఉంటాడు." చూశావా? ఒక మనిషిని దొంగ అనుకున్నాక ఇక ఏం చెప్పినా దొంగతనంలాగే కనబడుతుంది. నేను మా తమ్ముణ్ణి అనుకున్నట్టే. ఆదివారం పొద్దుటినుంచి సాయంత్రం దాకా కృపావరం చర్చి పందిరి వేయించాడట, పాస్టరుగారు ఉన్నారు, ఊరంతా ఉంది. ఆ సంగతి కూడా మీ ఆయన చెవిన వేసుకోవడం లేదు.

మద్రాసు నుంచి మాస్టారు రాశారు. ఆ జీవి మన సముద్రాల్లోనే లేదు. అట్లాంటిక్ సముద్రంలో, మనకు భూమి అవతలి పక్క ఉంటుంది. అక్కడ అవన్నీ ఎదురే తిరుగుతాయి, అందులో వింతేమీ లేదు. ఓడల్లో పనిచేసేవాళ్లు తెచ్చి అమ్ముతారట. మద్రాసు రేవు దగ్గర వ్యాపారులు వాటిని కడిగి, పట్టుగుడ్డ చుట్టి, దక్షిణావర్తమని భక్తులకు అంటగడతారట. మాస్టారు ఇలాంటివి చాలా చూశారట. పాపం, కొన్నవాడెవరో దేవుణ్ణే కొన్నాననుకుని ఉంటాడు.

ఇప్పుడు నివేదిక రాయాలి. హైదరాబాదు నుంచి నన్నే నేరుగా అడిగారు. నా కాగితంలో "ఎవరో పెట్టారు" అని ఉంటే ఆ "ఎవరో" కృపావరమే అవుతాడు. అతని పర్మనెంటు సంగతి అటుంచు, ఉన్న పనీ పోతుంది. అందుకే నాకు మనిషి తెలియాలి.

మీ శంఖం ఇల్లు దాటకూడదంటే నేనే ఇంటికి వస్తాను. పదో తేదీ శనివారం మొదటి బస్సుకు. నాకు వంట ఏమీ పెట్టుకోకు. శంఖం చూసి, మీ ఆయనతో పోట్లాడి, సాయంత్రానికి వచ్చేస్తాను.

వేదవల్లి


ఆళ్లగడ్డ,
7 మార్చి 1979

వదినగారికి,

ఇది శనివారానికి ముందే మీకు అందాలని బస్సులో పంపుతున్నాను. మీరు రావద్దు. శంఖం ఇంట్లో లేదు. నాయన వచ్చి చాగలమర్రి తీసుకుపోయాడు, అక్కడ ఎవరింట్లోనో వ్రతమట. ఎప్పుడు తెస్తాడో తెలియదు. మీరు వచ్చినా చూడటానికి ఏమీ ఉండదు.

ఇక్కడ బాగాలేదు. సోమవారం మావారు కృపావరాన్ని పనిలోంచి తీసేశారు. నేను క్యారియరు తీసుకుని పోయేసరికి కూలోళ్లందరూ పారలు దించి నిలబడి ఉన్నారు. ఆయన ఆ ముక్కల పేరెత్తి, దొంగ అని, ఇంకా ఏవేవో అన్నారు. కృపావరం తల దించుకోలేదు. "నేను పెట్టలే సారూ. నాకు దొరికింది తెచ్చి ఇచ్చినా. దొరకలే అని చెప్పి గుంతలో పూడ్చింటే బాగుండు" అన్నాడు. ఆయన ఇంకా కోపంతో, పోలీసులకు ఇస్తానన్నారు. ఇంకా ఇవ్వలేదు. మీ నివేదిక వచ్చాక దాన్ని జతచేసి ఇస్తారట.

నిన్న మణెమ్మ మా ఇంటికి వచ్చింది. వీధి గుమ్మంలోకి రాలేదు, పెరటి వైపు వచ్చి నిలబడింది. "అమ్మా, నువ్వు రోజూ ఆడికి వస్తాంటివే. నా కొడుకు అట్లాటోడా, నువ్వు చెప్పు. సారుకు నువ్వొక్క మాట చెప్తే ఇంటాడు" అంది. నేను లోపలికి పోయి బియ్యం చేటలో పోసుకుని వచ్చాను. ఆమె చేట వైపు చూసింది, నా వైపు చూసింది. "బియ్యం అడగలేదమ్మా" అని వెళ్లిపోయింది.

కృపావరం ఆత్మకూరు పోతున్నాడట, అడివిలో వెదురు కొట్టే పనికి. అది ఎట్లాంటి పనో మీకు తెలుసు. పోయినేడు వాళ్ల పల్లెవాడు ఒకడు ఆ పనికి పోయి మోకాలు విరగ్గొట్టుకుని వచ్చాడు.

నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మీరు ఆ నివేదిక కొంచెం ఆలస్యం చేయలేరా?

కమలవల్లి


నంద్యాల,
14 మార్చి 1979

కమలా,

శనివారం నేను రాలేదు. నువ్వు వద్దన్నావని కాదు. బస్టాండుకు వెళ్లాను. అక్కడ మీ నాయన కనిపించారు. కళ్లజోడు మార్పించుకోవడానికి నంద్యాల వచ్చారట. నన్ను చూసి చేతులు జోడించి, "అమ్మా, మా కమల శుక్రవారం శుక్రవారం శంఖానికి పూజ చేస్తాందా? నేను పోయి రెండు నెలలాయ, సూద్దామంటే కండ్లు కనపల్లేదు" అన్నారు.

చాగలమర్రికి శంఖం తీసుకుపోయారని నువ్వు రాసింది ఈయన గురించే. అయినా నోరు జారలేదు. "చేస్తోందండీ, బాగా చేస్తోంది" అన్నాను. నీ వల్ల నేనూ ఒక అబద్ధం ఆడాను. బస్సు వెళ్లిపోయింది. ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను.

ఆదివారం దిబ్బ మీద మనిషనేవాడు లేడని రాశావు. జల్లెడలు బోర్లించి ఉన్నాయనీ, మేకలు రెండు తిరుగుతున్నాయనీ రాశావు. ఎవరూ లేని చోట రెండే మేకలున్నాయని నీకెవరు చెప్పారు కమలా?

నేను ఇంత చదువుకుని ఎంత గుడ్డిదాన్నో చూడు. గంధం వాసన పట్టాను, కాడ మీద మడతలు లెక్కపెట్టాను, భూమి అవతలి సముద్రం దాకా పోయాను. దక్షిణావర్తం ఉన్న ఇల్లు నాకు తెలిసింది ఒక్కటే. ఆ ఇంటికే పోల్చడానికి పంపమని రాశాను. నిన్ను అనుమానించాలని నాకు తట్టనే లేదు. మీ ఆయనకు తట్టకపోవడంలో వింత లేదు. రెండువేల ఏళ్ల కిందటి ఇళ్లలో ఏ మూల ఏముందో చెప్తాడు గానీ, తన ఇంటి పూజగూట్లో ఏముందో వాడికి తెలియదు.

ఎట్లా జరిగిందో నేనే చెప్తాను, తప్పయితే దిద్దు. కడుగుతుంటే బండ మీద పడి పగిలింది. విరిగిన శంఖం ఇంట్లో ఉంచకూడదు. పదిమంది తొక్కే చోట పారేయకూడదు. పారే నీళ్లలో కలపాలంటే కాలువ కట్టేశారు. శంఖం ముక్కలు వేల ఏళ్లుగా పడి ఉన్న నేల ఒకటి నీకు తెలుసు. అక్కడ పెడితే శంఖానికి దోషం ఉండదు, అన్ని ముక్కల్లో ఇవీ కలిసిపోతాయి, ఎవరికీ తెలియదు అనుకున్నావు. ప్రతి ముక్కనూ జల్లెడ పట్టి చూసే నేల కూడా అదొక్కటేనని నీకు తోచలేదు. మన ఇళ్లలో పుట్టి, తవ్వకాలవాడిని చేసుకున్న పిల్ల తప్ప లోకంలో ఇంకెవరూ ఈ పని చేయరు.

ముందు ఒక మాట. పగిలిందని భయపడకు. మన శంఖమైతే బండ మీద పడినా అంత తేలిగ్గా పగలదు. ఇది పల్చటి పెంకు, పగిలింది. అందులో కీడూ లేదు, సూచనా లేదు. మీ నాయన మోసపోయారు, అంతే.

కానీ బియ్యం చేట పట్టుకుని ఆ తల్లి ముందు నిలబడ్డావే, దాన్ని మాత్రం నేను మరిచిపోలేను. నాకు నీ మీద కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. ఆమె బియ్యం అడగలేదు. ఒక్క మాట అడిగింది.

మీ ఆయనకు నువ్వే చెప్పు. కృపావరం పనిలోకి తిరిగి రావాలి, అది జరిగి తీరాలి. అది జరిగితే, నివేదికలో నేను "తవ్వకంతో సంబంధం లేని ఎవరో పూజలోని విరిగిన శంఖాన్ని అక్కడ వదిలారు" అని రాసి ముగిస్తాను. నీ పేరు రాయను. ఇంత ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, అయినా మీ నాయన కళ్లజోడు గుర్తొస్తోంది. నెలాఖరు దాకా ఆగుతాను.

వేదవల్లి


ఆళ్లగడ్డ,
28 మార్చి 1979

వదినగారికి,

మీరు దిద్దమన్నారు. దిద్దడానికి ఏమీ లేదు. ఒక్కటే కలుపుతాను.

మా నాయన గుడి వంటశాలలో పనిచేసిన మనిషి. మీది పండితుల ఇల్లు. పెళ్లయినప్పటినుంచి ఆయన మీ ఇంటికి వస్తే అరుగు మీద కూర్చునేవాడు. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. గృహప్రవేశం రోజు ఆ శంఖం పళ్లెంలో పెట్టుకుని వచ్చినప్పుడు అత్తయ్యగారు కుర్చీలోంచి లేచి, "లోపలికి రండి వరదరాజులు గారూ" అని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఆ మాట చెప్పుకుంటూ నాయన ఏడాదిగా బతుకుతున్నాడు. శంఖం పోయిందని తెలిస్తే ఆ కుర్చీ పోతుందని నా భయం. అంతకంటే వేరే దురుద్దేశం లేదు. కానీ నా నాయన కుర్చీ కోసం ఇంకొకరి కొడుకును అడివికి పంపాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

మీ ఉత్తరం వచ్చిన రోజే ఆయనకు చెప్పాను. మొదట నమ్మలేదు. పూజగూట్లో పట్టుగుడ్డ విప్పి చూపించాను, అందులో నేను బజారులో కొని పెట్టిన మామూలు శంఖం ఉంది. ఆయన ఆ శంఖాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత, "కృపావరాన్ని పిలిపిస్తా. ఏదో పొరపాటైంది అంటా. నీ మాట యాడా ఎత్తొద్దు" అన్నారు. ఆయన అట్లా అన్నందుకు మొదట నాకు ప్రాణం లేచొచ్చింది. నిజమే చెప్తున్నాను.

ఆ తర్వాతి ఆదివారం కృపావరం ఆత్మకూరు నుంచి చర్చికి వచ్చాడని తెలిసి ఇద్దరం పోయాం. చర్చి బయట చింతచెట్టు కింద ఆయన మాట్లాడారు. కృపావరం అరచేతులకు గుడ్డ చుట్టి ఉంది. "పొరపాటా? ఎవురి పొరపాటు సారూ?" అన్నాడు. జరిగిందేదో జరిగింది, రేపట్నుంచి పనిలోకి రమ్మన్నారు ఈయన.

"నన్ను దొంగ అన్నది దిబ్బ మీద. కూలోళ్లంతా ఇన్యారు. ఇప్పుడు గమ్మున వచ్చి పార పట్టుకుంటే, సారు జాలిపడి తీసుకున్యాడు అంటారు గానీ, వీడు దొంగ కాదు అని ఒక్కడన్నా అంటాడా? యాడ అన్యారో ఆడనే చెప్పండి. అట్లయితే వస్తా. లేకుంటే వెదురే కొట్టుకుంటా."

ఆయన వెనక్కి తిరిగి నడిచారు. దారి పొడుగునా, "వానికి ఎంత పొగరు చూడు" అంటూనే ఉన్నారు. నాకు అది పొగరుగా కనిపించలేదు వదినా.

సోమవారం పొద్దున ఆయన స్నానానికి పోయినప్పుడు నేను ఇల్లు వదిలాను. ముందు మణెమ్మ ఇంటికి పోయాను. "నాతో రా అవ్వా" అంటే, ఎందుకని కూడా అడక్కుండా వచ్చింది. దిబ్బ మీద కూలోళ్లు అప్పుడే పారలు తీసుకుంటున్నారు. గట్టిగా మాట్లాడటం నాకు అలవాటు లేదు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు ఆగాను. మూడోసారి చెప్పాను. ఆ శంఖం మా ఇంటిది. నా చేతిలో పగిలింది. ఆదివారం ఎవరూ లేనప్పుడు నేనే తెచ్చి గుంతలో పెట్టాను. కృపావరానికి ఏమీ తెలియదు, రాములమ్మకు ఏమీ తెలియదు. తెలిసి కూడా నోరు మూసుకున్నది నేను.

రాములమ్మ జల్లెడ కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. మణెమ్మ అంది, "ఈ మాట ఆ పొద్దే చెప్పింటే నా కొడుకు చేతులు పుండ్లు కాకపోవు కదమ్మా." తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

కృపావరం బుధవారం పనిలోకి వచ్చాడు. మావారు అతనితో పని మాట తప్ప మాట్లాడరు. అతను నన్ను చూస్తే ఇదివరకులా నమస్కారం పెట్టడు. పెట్టకపోవడమే న్యాయం. మావారు దిబ్బ దగ్గర గుడారంలోనే పడుకుంటున్నారు. పోలీసుల మాట ఎత్తడం మానేశారు. క్యారియరు నేనే తీసుకెళ్తున్నాను, తింటున్నారు, నాతో మాట్లాడటం లేదు.

ఇక మీ నివేదిక. నా పేరు రాయనన్నారు. మీరు నా మీద అంత కోపంలోనూ మా నాయనను తలుచుకున్నందుకు మీ కాళ్లకు మొక్కుతాను. కానీ అట్లా రాయకండి. దిబ్బ మీద నేను చెప్పింది కూలోళ్లు విన్నారు. పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాల్సిన పెద్దాయన వినలేదు. ఆయన హైదరాబాదులో కూర్చుని "ఎవరో" అని చదువుతాడు. ఆ రోజు మేస్త్రీ ఎవరు అని అడుగుతాడు. కృపావరం అని చెప్తారు. ఆ కాగితం ఇంక రాదు. "ఎవరో" అంటే మళ్లీ అతనే అవుతాడని మొదట రాసింది మీరే.

నాయనకు చెప్పడానికి రేపు చాగలమర్రి పోతున్నాను. శంఖం పగిలిన సంగతి, అది దక్షిణావర్తం కాదన్న సంగతి, రెండూ నా నోటితోనే చెప్తాను. ఇంకెవరో చెప్పగా వినకూడదు.

మీరు రాయండి వదినా. కమలవల్లి అని రాయండి. తవ్వకం అధికారి చక్రపాణి భార్య అని కూడా రాయండి.

కమలవల్లి